ఆ నాలుగు గంటలు వృథా కావు

మా పరకాలలో ఎవరింట్లోనైనా అమెరికా టికెట్ బుక్ అయిందని తెలిస్తే చుట్టుపక్కల వాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. "ఎంత పడ్డది?" "మధ్యల ఎన్ని గంటలు ఆగాలె?" ఈ రెండు అంకెలూ ఎంత చిన్నవైతే టికెట్ అంత మంచిదని అందరి లెక్క. గంటన్నర లేఓవర్ అంటే "మంచిగ కుదిరింది" అని సంతోషిస్తారు. ఐదు గంటలంటే "అయ్యో, ఒక్కతే అంతసేపు ఏం జేస్తది?" అని జాలిపడతారు. పెద్ద చదువులు చదివినవాళ్లదీ ఇదే లెక్క. అమెరికాలో పదేళ్లుగా ఉంటున్న పిల్లలదీ, టికెట్లు అమ్మే ఏజెంట్లదీ ఇదే.

ఈ లెక్క తప్పు. దేశం దాటి ఒంటరిగా మొదటిసారి పోయే మనిషికి చిన్న లేఓవర్ సుఖం ఇవ్వదు, ఉన్న ధైర్యాన్ని కూడా లాగేసుకుంటుంది. ఆ మనిషికి మనం కొనిపెట్టవలసింది సమయం. మధ్యలో మూడు నుంచి ఐదు గంటలు ఉన్న టికెట్టే మొదటి ప్రయాణానికి మంచి టికెట్ అని నేను గట్టిగా చెబుతాను. ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను.

నేను ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన టీచర్‌ని. రిటైరయ్యాక, బిడ్డ కాన్పుకని మొదటిసారి ఒంటరిగా అమెరికా బయలుదేరాను. టికెట్ బిడ్డే కొన్నది. ఎన్నో టికెట్లు వెతికి వెతికి, మధ్యలో గంటా ఇరవై నిమిషాలు మాత్రమే ఆగేది పట్టింది. "అమ్మా, నువ్వు ఎక్కువసేపు ఒక్కదానివే కూర్చోవద్దని ఇది తీసుకున్న" అన్నది. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. కానీ హైదరాబాద్‌లో మా విమానమే నలభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. దిగినచోట మా విమానాన్ని టెర్మినల్‌కు దూరంగా ఆపి బస్సు ఎక్కించారు. ఆ తర్వాత మళ్లీ తనిఖీ. చెప్పులు విప్పించారు, గాజులు మోగాయని పక్కకు నిలబెట్టారు. మోకాలి నొప్పితో కుంటుకుంటూ గేటు దగ్గరికి చేరేసరికి అక్కడ కుర్చీలన్నీ ఖాళీ. అద్దంలోంచి చూస్తే నేను ఎక్కాల్సిన విమానం ఎదురుగా నిలబడే ఉంది. దాని తలుపు మాత్రం మూసేశారు.

తర్వాతి విమానం మరుసటి రోజు. బీపీ మాత్రలు చెక్‌ఇన్ పెట్టెలో ఉన్నాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. నిండు గర్భిణి అయిన బిడ్డ అక్కడ నాకోసం ఎదురుచూస్తుంటుందనే తలంపుతో కాళ్లూ చేతులూ ఆడలేదు. నాలో నేనే "ఇప్పుడెట్లరా దేవుడా" అనుకుంటుంటే నేల తుడుస్తున్న పిల్లవాడొకడు ఆగి చూశాడు. "ఏ ఊరమ్మా మీది?" "పరకాల బిడ్డా." "మాది జగిత్యాల. ఏడువకుండ్రి, నేను కౌంటర్ దాక తోల్కపోత." ఆ అబ్బాయి తన ఫోన్‌తో మా బిడ్డకు కబురు చెప్పించాడు. అది ఏ విమానాశ్రయమో, ఏ సంస్థ విమానమో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. గంటా ఇరవై నిమిషాల టికెట్ చేతిలో ఉంటే ఏ విమానాశ్రయంలోనైనా ఇదే జరగవచ్చు.

ఇక వాదనలోకి వద్దాం. చిన్న లేఓవర్‌ను సమర్థించేవారి మొదటి మాట: "కుదురుతుంది కాబట్టే కదా కంపెనీ అమ్మింది?" ఈ మాటలో కొంత నిజం ఉంది. ప్రతి విమానాశ్రయానికీ ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారడానికి కనీస సమయం ఇంత అని ఒక కొలత ఉంటుంది. దానికన్నా తక్కువ వ్యవధి ఉన్న రెండు విమానాలను ఒకే టికెట్‌గా అమ్మరు. చాలాచోట్ల ఆ కొలత గంటకు కాస్త అటూఇటూగా ఉంటుంది. కానీ దాని పేరులోనే 'కనీస' అని ఉంది. ఎవరికి కనీసం? దారి తెలిసి, బోర్డులు చదవగలిగి, చకచకా నడిచే మనిషికి. అదీ మొదటి విమానం వేళకు దిగితే. పరీక్షలో 35 మార్కులు పాస్ మార్కులే. అలాగని ఏ తల్లీ తన బిడ్డను 35కే చదివించదు.

పలక మీద వేసినట్టు ఆ గంటా ఇరవై నిమిషాల లెక్క వేసి చూపిస్తాను. విమానం ఆగి, తలుపు తెరిచి, 38వ వరుసలో కూర్చున్న మనిషి బయటపడేసరికి 20 నిమిషాలు. బస్సు నిండి, కదిలి, టెర్మినల్ చేరడానికి ఇంకో 20. తనిఖీ వరుసలో 20. బోర్డుల్లో గేటు నంబరు వెతుక్కుని, దారి అడుగుతూ నడవడానికి 20. మొత్తం 80 నిమిషాలు అయిపోయాయి. కానీ గేటును విమానం బయలుదేరేటప్పుడు మూయరు, 15, 20 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే నాకు కావలసింది 100, చేతిలో ఉన్నది 80. మొదటి విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకపోయినా ఈ లెక్క తేలదు. తెలిసిన దారిలో పరుగెత్తే కుర్రవాడు ఇందులో సగం సమయంలో చేరుకుంటాడు, నిజమే. అతని లెక్కను అతని తల్లికి అంటగట్టడమే మనం చేస్తున్న పొరపాటు.

ఇదే మనుషులు మన ఊళ్లో ఎలా ఉంటారో చూడండి. కాజీపేటలో రైలెక్కాలంటే పరకాల నుంచి ఎంత ముందు బయలుదేరతాం? హనుమకొండకు గంట ప్రయాణమని తెలుసు. గూడెప్పాడు దగ్గర లారీలు అడ్డం పడతాయని తెలుసు. మేడారం జాతర రోజులైతే భూపాలపల్లి వైపు నుంచి తిరిగొచ్చే బండ్లతో ఆ రోడ్డు ఎట్లా నిండిపోతుందో ఇంకా బాగా తెలుసు. అందుకే రైలు వేళకు గంట ముందే ప్లాట్‌ఫారం మీద సద్ది విప్పుకుని కూర్చుంటాం. పుట్టి పెరిగిన తొవ్వ, మన భాష మాట్లాడే మనుషులు, తప్పిపోతే ఇంకో రైలు. అయినా అంత జాగ్రత్త. మరి దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో, కాళ్లకు తెలియని నేల మీద, చెవులకు తెలియని భాషలో, రోజుకు ఒకటో రెండో ఉండే విమానం కోసం ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తాం? కాజీపేటకిచ్చిన గంట దోహాకు ఎందుకివ్వం?

"ఆలస్యాలు ఎప్పుడో ఒకసారి కదా" అంటారు. ఎప్పుడో ఒకసారి అనేది మన వంతుకు వచ్చినప్పుడు నూటికి నూరు. ఆకాశం మన చేతిలో లేదు. జనవరి సెమిస్టర్‌కు పోయే పిల్లలు డిసెంబర్ చివర్లో, జనవరి మొదట్లో బయలుదేరతారు. సరిగ్గా అప్పుడే ఢిల్లీని పొగమంచు కమ్ముకుంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా టికెట్ తీసుకుని, అక్కడ రెండు గంటలే పెట్టుకుంటే మంచు తెరిపి ఇచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత వాన పడి రన్‌వే చెరువైంది, వేలాది మంది రోజుల తరబడి చిక్కుకుపోయారు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికాకు నేరుగా పోవాల్సిన విమానాల్లో కొన్ని యూరప్‌లో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. దోహాకు పోతున్న విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. అంత పెద్ద ఉపద్రవాలను నాలుగు గంటల లేఓవర్ కూడా ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ ప్రయాణాలను ఎక్కువగా చెడగొట్టేది నలభై నిమిషాల, గంట ఆలస్యాలే. వాటి దెబ్బ కాచుకునే శక్తి ఆ నాలుగు గంటలకు ఉంది.

రెండో మాట: "మిస్సయితే వాళ్లే ఇంకో విమానంలో ఎక్కిస్తారు." రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్ మీద ఉంటే నిజంగానే ఎక్కిస్తారు. నన్నూ ఎక్కించారు. కానీ ఎప్పుడు? సీటు ఉన్నప్పుడు. ఆగస్టులో కాలేజీలు తెరిచే ముందు అమెరికా విమానాలు ఎంత కిక్కిరిసి ఉంటాయో అందరికీ తెలిసిందే. ఈలోగా హోటల్ ఇస్తామన్నా ఆ దేశంలోకి అడుగుపెట్టే అనుమతి మన పాస్‌పోర్టుకు ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆ రాత్రి కుర్చీలోనే. భాష రాని మనిషి కౌంటర్ దగ్గర నిలబడి, కొత్త బోర్డింగ్ పాస్ అడిగి, పెట్టెలు ఎటు పోయాయో కనుక్కోవాలి. "వాళ్లే ఎక్కిస్తారు" అనే రెండు ముక్కల మాటలో ఇంత పని దాగి ఉంది. ఆ పనిని చేయవలసింది టికెట్ కొన్న కొడుకో బిడ్డో కాదు, ఎన్నడూ ఒంటరిగా హైదరాబాద్ కూడా పోని తల్లి.

"వీల్‌చెయిర్ పెట్టినం కదా, వాళ్లే తీస్కపోతరు" అన్నది ఇంకో ధీమా. మోకాళ్ల నొప్పులున్నవారు, దారి తెలియదని భయపడే పెద్దవాళ్లు వీల్‌చెయిర్ అడగడం మన దగ్గర మామూలే. అవసరమున్నవారు తప్పకుండా అడగాలి. కానీ ఒక సంగతి టికెట్ కొనేవారికి తెలియాలి. వీల్‌చెయిర్ ప్రయాణికులను విమానం నుంచి అందరికన్నా ఆఖరున దింపుతారు. కుర్చీ వచ్చేదాకా సీట్లోనే కూర్చోవాలి. తర్వాత ఒకచోట నలుగురైదుగురిని కూడేసి తీసుకుపోతారు. అంటే వీల్‌చెయిర్ అడిగిన మనిషికి మామూలు మనిషి కన్నా ఎక్కువ సమయం కావాలి. గంటన్నర లేఓవర్‌కు వీల్‌చెయిర్ జోడించడం రెండు భరోసాలు ఇచ్చినట్టు కాదు, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేసినట్టు.

మూడో మాట డబ్బు. దీన్ని నేను తేలిగ్గా తీసేయను. బ్యాంకు లోను చాలక మూడు రూపాయల మిత్తికి తెచ్చి పిల్లలను పంపే ఇళ్లు నాకు తెలుసు. ఎకరం అమ్మి పంపినవాళ్లు తెలుసు. ఆ ఇంట్లో ఐదు వేలు అంటే ఐదు వేలే. కానీ ఆ ఐదు వేలు ఎక్కడ మిగులుతున్నాయో చూడాలి. చాలాసార్లు అగ్గువ టికెట్ వెనుక ఉండేది రెండు వేర్వేరు టికెట్లు. హైదరాబాద్ నుంచి ఒక ఊరికి ఒక కంపెనీ టికెట్, అక్కడి నుంచి ఇంకో కంపెనీది. వాటికి ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి మన గోడు పట్టదు. డబ్బు పోయినట్టే, కొత్త టికెట్ అక్కడికక్కడ కొనాల్సిందే. పైగా పెట్టెలు నేరుగా పోవు. మధ్యలో ఆ దేశంలోకి దిగి, లగేజీ తీసుకుని, మళ్లీ చెక్‌ఇన్ చేయాలి. అట్లా దిగడానికి ఆ దేశపు వీసా అడుగుతారు. వీసా లేకపోతే హైదరాబాద్ కౌంటర్‌లోనే ఆపేస్తారు.

దేశం దిగకుండా విమానాశ్రయంలోనే మారినా కొన్నిచోట్ల ట్రాన్సిట్ వీసా తప్పదు. లండన్ మీదుగా పోయే భారతీయులకు ఆ నిబంధన ఉంది. అమెరికా వంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఈ నిబంధనలు దేశానికోతీరు, ఏడాదికోతీరు మారుతుంటాయి. అందుకే ధర చూసే ముందు ఎక్కడ ఆగుతున్నామో చూడాలి. ఇల్లు కదిలేముందు పెట్టె సర్దేటప్పుడూ అదే చూడాలి. మన మసాలా డబ్బాలో ఉండే గసగసాలు యూఏఈలో నిషిద్ధం. కొన్ని నొప్పి మాత్రలకు కూడా అక్కడ ముందస్తు అనుమతి ఉండాలి. దుబాయ్‌లోనో అబుదాబీలోనో ఆగే టికెట్ కొని, తల్లి సంచిలో గసగసాల పొట్లం కట్టి పంపడం ఎంత ప్రమాదమో చెప్పేవారు ఎంతమంది? ధర మీద చేసే బేరంలో పదో వంతు శ్రద్ధ దీని మీద పెట్టినా చాలు.

నాలుగో మాట: "ఒంటరి ఆడమనిషి, అన్ని గంటలు పరాయి దేశంలో కూర్చోవడం భద్రమేనా?" ఇది అన్నిటికన్నా లోతైన భయం. కానీ ఆ భయం తప్పుచోట కూర్చుంది. తనిఖీ దాటిన తర్వాత విమానాశ్రయం లోపల ఉన్న ప్రతి ప్రయాణికుడి చేతిలో పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ ఉంటాయి. ఎటు చూసినా కెమెరాలు, సిబ్బంది, వెలుతురు, మంచినీళ్లు, బాత్రూములు. అర్ధరాత్రి ఏ బస్టాండు కన్నా అది భద్రమైన చోటు. భయపడవలసింది కూర్చున్నప్పుడు కాదు, పరుగెత్తేటప్పుడు. పరుగెత్తే మనిషే పాస్‌పోర్టు తనిఖీ ట్రేలో మరిచిపోతుంది. పరుగెత్తే మనిషే తప్పు గేటు ముందు నిలబడుతుంది. కంగారులో ఎవరు ఏమన్నా నమ్ముతుంది. సమయం ఉన్న మనిషి ఒకటికి రెండుసార్లు బోర్డు చదువుకుంటుంది, చదవలేకపోతే ఇద్దరిని అడుగుతుంది.

"తోడు దొరికితే చాలు, ఏ విమానమైనా పర్వాలేదు" అనే అభిప్రాయం కూడా దీనికి తమ్ముడే. పిల్లలు వాట్సాప్ గ్రూపుల్లో వెతికి, ఎవరు ఏ విమానంలో పోతున్నారో చూసి అదే కొంటారు. తోడు మంచిదే. కానీ ఆ తోడు ఎంత దూరం? బుకింగ్‌లు వేరు, సీట్లు వేరు. అమెరికా ఇమిగ్రేషన్ అధికారి ముందు ఎవరి ఐ-20 కాగితం వారిది, ఎవరి జవాబు వారిది. ఒకరిని రెండో గదికి పంపి ప్రశ్నలడిగితే ఇంకొకరు ఆగలేరు. ఒకరి విమానం తప్పితే ఇంకొకరు తమది వదులుకోలేరు, వదులుకొమ్మనీ అనకూడదు. తోడు ఉన్నా లేకున్నా నిలబడగలిగే టికెట్ ముందు ఎంచుకోవాలి. ఆ మీద తోడు దొరికితే అదృష్టం. నిజానికి మన పిల్లలు ఏ గేటు దగ్గర కూర్చున్నా తెలుగు మాట వినపడక మానదు. దానికి ముందే ఒప్పందం అక్కర్లేదు, కూర్చునే తీరిక ఉంటే చాలు.

ఇక అమెరికా సంగతి. అక్కడ మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. సాధారణంగా అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ తనిఖీ చేయించుకుని తర్వాతి విమానం ఎక్కాలి. వరుస ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ రెండు గంటల లేఓవర్ పెట్టడం మొదటిసారి పోయే విద్యార్థికి అన్యాయం. అధికారి అడిగే ప్రశ్నకు నెమ్మదిగా జవాబు చెప్పాల్సిన పిల్ల, గడియారం చూసుకుంటూ తడబడుతుంది. నా మాట వింటే, అమెరికాలో విమానం మారే టికెట్టే వద్దు. డాలస్, షికాగో వంటి ఊళ్లకు దుబాయ్ నుంచి, దోహా నుంచి నేరుగా విమానాలున్నాయి. అక్కడ దిగి, బంధువుల కారులోనో బస్సులోనో మిగతా దారి పోవచ్చు. మారక తప్పదంటే నాలుగు గంటలకు తగ్గించవద్దు. అబుదాబీలో ఇంకో సౌకర్యం ఉంది. 2014 నుంచి అమెరికా అధికారులు అక్కడే కూర్చుని ఇమిగ్రేషన్ పూర్తి చేస్తున్నారు. అక్కడ ఎక్కినవారు అమెరికాలో ఆ దేశపు లోపలి ప్రయాణికుల్లాగే దిగిపోతారు. పదిహేను గంటలు కూర్చుని వాచిన కాళ్లతో వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. కానీ ఆ పని అబుదాబీలోనే చేయాలి కాబట్టి లేఓవర్ పెద్దదిగా ఉండాలి. ఆగిన సమయం వృథా అనేవారికి దీనికన్నా సూటి జవాబు లేదు.

ప్రయాణం శంషాబాద్‌లో మొదలు కాదు, పరకాలలో మొదలవుతుంది. అక్కడే ఇంకో చిక్కుంది. మా వీధిలో ఒకరింటి అమ్మాయి చదువుకు బయలుదేరింది. శుక్రవారం ఆడపిల్లను పంపవద్దని నాయనమ్మ పట్టుబడితే శనివారం టికెట్ కొన్నారు. టికెట్ మీద శనివారం 03:30 అని ఉంది. ఇంటిల్లిపాదీ శనివారం పొద్దున దేవుడికి దండం పెట్టుకుని బయలుదేరుదామనుకున్నారు. గురువారం నాడు, "టీచరమ్మా, ఒకసారి చూడుండ్రి" అని నా చేతికిచ్చారు. చూస్తే అది శుక్రవారం రాత్రి తెల్లారితే శనివారం అనే మూడున్నర. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, టికెట్‌లో అర్ధరాత్రితో. గల్ఫ్‌కూ యూరప్‌కూ హైదరాబాద్ నుంచి పోయే విమానాలు చాలావరకు ఆ మధ్య వేళల్లోనే లేస్తాయి. చివరికి నాయనమ్మను ఒప్పించి ఆ పిల్లను శుక్రవారం మధ్యాహ్నమే పంపాం. నేను చూడకపోయి ఉంటే వాళ్లు శనివారం పొద్దున బయలుదేరేసరికి విమానం సముద్రం దాటి ఉండేది. పరకాల నుంచి శంషాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాటి ఔటర్ ఎక్కి పోయేసరికి నాలుగైదు గంటలు. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. టికెట్ మీద ఉన్న వేళను ఆ రోజు తేదీతో కాదు, ముందు రోజు సాయంత్రంతో కలిపి చదవడం నేర్చుకోవాలి.

"మన దగ్గరి మామునూరులో విమానాశ్రయం వస్తే ఈ బాధలన్నీ పోతాయి" అనేవారూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ ఆశ పెరిగింది. వస్తే నాకూ సంతోషమే. కానీ మామునూరులో ఎక్కిన మనిషి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. మారే చోట్లు పెరిగినకొద్దీ మధ్యలో ఉండాల్సిన సమయమూ పెరగాలి. ఊరి దగ్గర విమానాశ్రయం రోడ్డు ప్రయాణాన్ని తగ్గిస్తుంది, లేఓవర్ లెక్కను మార్చదు.

నేను లేఓవర్ ఉండితీరాలని చెప్పడం లేదు. లండన్‌కో, ఫ్రాంక్‌ఫర్ట్‌కో, సింగపూర్‌కో చదువుకు పోయే పిల్లలకు హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. నాలుగు డబ్బులు ఎక్కువైనా మొదటిసారి అవే మేలు. అమెరికాకు ఆ వీలు లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది కానీ అది నిలవలేదు. అట్లాగే లేఓవర్ ఎంత పెద్దదైతే అంత మంచిదని కూడా అనడం లేదు. పన్నెండు, పద్నాలుగు గంటలు, అందులో రాత్రంతా కుర్చీలో అంటే పెద్దవాళ్ల ఒంటికి అది శిక్షే. ఇక్కడ కూడా అగ్గువ ధరే ఆశ పెడుతుంది, దానికీ లొంగవద్దు. ఒకే బుకింగ్, ఒకే చోట ఆగడం, మధ్యలో మూడు నుంచి ఐదు గంటలు, దిగేది పగటి వేళ. మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలో. మొదటి ప్రయాణానికి నేను చెప్పేది ఇంతే.

రెండోసారి పోయినప్పుడు టికెట్ నేను చెప్పినట్టే కొనాలని బిడ్డకు ముందే చెప్పాను. నాలుగున్నర గంటల లేఓవర్. ఈసారీ మొదటి విమానం యాభై నిమిషాలు ఆలస్యమైంది. నా గుండె దడ పెరగలేదు. దిగి, ముందు గేటు ఎక్కడో చూసి వచ్చాను. ముఖం కడుక్కుని, బీపీ మాత్ర వేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన చపాతీల మూట విప్పాను. అక్కడి ఉచిత వైఫై పెట్టుకుని బిడ్డతో మాట్లాడితే, మనవరాలు ఫోన్లో పళ్లు లేని నోటితో నవ్వింది. పక్క కుర్చీలో సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె, ఆమెకూ అది మొదటి ప్రయాణం. ఆమె లేఓవర్ గంటన్నర. అప్పటికే పరుగెత్తే వేళైంది, ఆమె గేటు ఎటో ఆమెకు తెలియదు. నాకు టైమ్ ఉంది కాబట్టి ఆమె చేయి పట్టుకుని గేటు దాకా నడిపించాను. ఆఖరి పిలుపు వినిపిస్తుండగా లోపలికి పోయింది. ఆ పూట నాకు కూడా గంటన్నరే ఉండి ఉంటే మేమిద్దరం పక్కపక్కనే పరుగెత్తేవాళ్లం, ఎవరికీ ఎవరం ఆసరా కాలేకపోయేవాళ్లం.

టికెట్లు కొనే బిడ్డలకు, కొడుకులకు నా మాట ఒక్కటే. తెర మీద ఆ గంటలు చూసి "అమ్మ అంతసేపు కూర్చోవాలా" అని అడుగుతారు. దాని బదులు "మొదటి విమానం గంట ఆలస్యమైతే అమ్మ ఏం చేస్తుంది" అని అడగండి. దానికి జవాబు నిశ్చింతగా వచ్చే టికెట్ కొనండి. అమ్మలు ఎంతసేపైనా కూర్చోగలరు. మీరు బడి నుంచి వచ్చేదాకా, పరీక్ష రాసి బయటికి వచ్చేదాకా, వీసా ఇంటర్వ్యూ ముగిసేదాకా గేటు బయట కూర్చున్నవాళ్లే. కూర్చోవడం వాళ్లకు కష్టం కాదు. పరుగెత్తించకండి.